ఇంజన్ ఆన్ చేయగానే ఫ్యాన్ తిరుగుతోంది, పి0118 కోడ్ వచ్చింది: కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ ఇంట్లోనే మార్చుకోవచ్చా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. 2014 మోడల్ చిన్న పెట్రోల్ కారు, లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. రెండు వారాలుగా ఇంజన్ ఆన్ చేయగానే, ఇంకా చల్లగా ఉండగానే, రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలుపెడుతోంది. చెక్ ఇంజన్ లైట్ వెలిగింది. లీటరుకు పదిహేడు ఇచ్చే బండి పన్నెండుకు దిగింది. పొద్దున స్టార్ట్ చేస్తే సైలెన్సర్ దగ్గర పెట్రోల్ వాసన. ఒకాయన స్కాన్ చేసి పి0118 కోడ్ చూపించి, కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ పోయింది, మార్చాలి అన్నారు. దాన్ని ఖమ్మంలో మీ ఇంటి దగ్గర మీరే మార్చుకోవచ్చా అని అడిగారు.

మార్చుకోవచ్చండీ. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా పెట్రోల్ కార్ల పని చేస్తున్నాను. ఇంజన్ మీద ఉండే సెన్సర్లలో కొత్తవాళ్లు ధైర్యంగా చేయి పెట్టగలిగిన వాటిలో ఇదొకటి. సెన్సర్ విప్పి బిగించడానికి పావుగంట చాలు. కానీ ఈ పనిలో బండి పాడయ్యేది ఆ పావుగంటలో కాదు. దానికి ముందు చేయాల్సిన పరీక్ష చేయకపోతే డబ్బు దండగ. దాని తర్వాత గాలి సరిగ్గా తీయకపోతే ఇంజనే దండగ. అందుకే సెన్సర్ విప్పే మాట కొంచెం పక్కన పెట్టి, ఆ రెండింటి గురించి ఎక్కువ చెప్తాను.

ముందుగా ఆ కోడ్ ఏం చెబుతోందో చూద్దాం. కూలెంట్ అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం. దాని వేడిని కొలిచే ఈ సెన్సర్ లోపల ఉండేది ఒక చిన్న థర్మిస్టర్. వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, దానికి తన లోపలున్న ఒక రెసిస్టర్ ద్వారా 5 వోల్టులు పంపి, ఆ వైరు మీద ఎంత వోల్టేజీ నిలిచిందో చూసుకుంటుంది. ఇంజన్ చల్లగా ఉంటే వోల్టేజీ ఎక్కువ, వేడిగా ఉంటే తక్కువ. ఇప్పుడు ఆ వైరు ఎక్కడైనా తెగిందనుకోండి. కరెంటుకు దారి లేదు కాబట్టి మొత్తం 5 వోల్టులూ అలాగే నిలిచిపోతాయి. ఈసీయూ లెక్కలో అది మైనస్ 40 డిగ్రీలు. అంత చలి ఉండే అవకాశం లేదని దానికీ తెలుసు, అందుకే పి0118 వేస్తుంది. ఈ కోడ్‌కు అర్థం వోల్టేజీ ఉండాల్సినదానికన్నా ఎక్కువగా ఉందని. దీనికి ఎదురుది పి0117. వైరు ఎక్కడో బాడీకి తగిలి షార్ట్ అయితే వోల్టేజీ సున్నాకి పడుతుంది, అప్పుడు అది వస్తుంది.

అంటే పి0118 అనగానే సెన్సర్ పోయిందని తీర్మానం చేయకూడదు. సెన్సర్ నుంచి ఈసీయూ దాకా ఉన్న దారిలో ఎక్కడో తెగిందని మాత్రమే అది చెబుతోంది. సెన్సర్ లోపల తెగి ఉండొచ్చు, కప్లర్‌లో, అంటే వైర్లను సెన్సర్‌కు కలిపే ప్లాస్టిక్ ముక్కలో, పిన్ను తుప్పు పట్టి ఉండొచ్చు, వైరును ఎలుక కొరికి ఉండొచ్చు. మా షెడ్డుకు కొత్త సెన్సర్ వేయించుకుని కూడా అదే లైటుతో వచ్చే బండ్లను చూస్తూనే ఉంటాను. వరికోతల కాలంలో ఊళ్ల నుంచి వచ్చే కార్లలో ఎలుకలు కొరికిన వైర్లు మరీ ఎక్కువ. రాత్రి వెచ్చగా ఉంటుందని ఇంజన్ మీదకు చేరతాయి, అందిన వైరునల్లా కొరుకుతాయి.

ఫ్యాన్ ఎందుకు ఆగడం లేదు అన్నది కూడా ఇందులోనే ఉంది. నిజమైన వేడి ఎంతో తెలియనప్పుడు ఇంజన్ కాలిపోకుండా ఉండాలని ఈసీయూ ఫ్యాన్‌ను ఆన్‌లోనే ఉంచుతుంది. చాలా కార్లలో ఏసీ కంప్రెసర్‌ను కూడా ఆపేస్తుంది. పెట్రోల్ విషయంలో తన దగ్గరున్న ఒక అంచనా అంకెతో బండి నడిపిస్తుంది. అంచనా అంచనాయే కాబట్టి పెట్రోల్ ఎక్కువ పడుతుంది. పాత చేతక్ స్కూటర్లో చోక్ లాగి, మళ్లీ లోపలికి నొక్కడం మర్చిపోయి ఊరంతా తిరిగితే ఎలా ఉంటుందో ఇదీ అలాంటిదే. ప్లగ్గులు నల్లబడతాయి, సైలెన్సర్‌లో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ దెబ్బతింటుంది. అది పోతే ఖర్చు వేలల్లో కాదు, పదివేలల్లో ఉంటుంది. అందుకే బండి నడుస్తోంది కదా అని నెలల తరబడి వదిలేయకండి. అలాగని ఈ రాత్రికే చేయాలన్న టెన్షన్ కూడా అక్కర్లేదు, మీటర్ మీద ఎర్ర దీపం వెలగనంత వరకు.

ఇక పరీక్ష. మీకు కావలసింది బ్లూటూత్‌తో ఫోన్‌కు కలిసే ఒక చిన్న ఈఎల్‌ఎం327 స్కానర్, ఒక మామూలు మల్టీమీటర్, ఒక జడపిన్ను లేదా పేపర్ క్లిప్పు. స్కానర్ గుచ్చే సాకెట్ సాధారణంగా స్టీరింగ్ కింద, మోకాళ్లకు దగ్గరగా ఉంటుంది.

సెన్సర్ ఎక్కడుందో వెతకాలంటే రేడియేటర్ పైభాగం నుంచి ఇంజన్‌కు వెళ్లే లావు రబ్బరు గొట్టం పట్టుకుని పోండి. అది ఇంజన్‌కు కలిసే చోట, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌కు రేడియేటర్ దారి తెరిచే కవాటం) హౌసింగ్ మీదో దాని పక్కనో, ఇత్తడి రంగు షట్కోణం, దాని మీద ప్లాస్టిక్ తల, రెండు వైర్ల కప్లర్ కనిపిస్తాయి. చాలా చిన్న కార్లలో ఇంతే. కొన్నింటిలో ఎయిర్ ఫిల్టర్ గొట్టం తీస్తే గాని కనబడదు. ఒక్క వైరున్న ఇంకో సెన్సర్ కనిపిస్తే అది మీటర్ ముల్లు కోసం పెట్టింది అయ్యుండొచ్చు, మనం వెతికేది అది కాదు.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ఆఫ్‌లో ఉండగానే, కప్లర్ తీయండి. కప్లర్ మీద ఉన్న చిన్న నాలుకను బొటనవేలితో నొక్కి, కప్లర్ ఒంటిని పట్టుకుని అటూ ఇటూ కదుపుతూ లాగాలి. వైర్లు పట్టుకుని లాగకూడదు. పదేళ్ల ప్లాస్టిక్ వేడికి అప్పడంలా అయి ఉంటుంది, నాలుక విరిగిందంటే కప్లర్ నిలవదు, రేపు గతుకుల రోడ్డు మీద ఊడి మళ్లీ ఇదే కోడ్ వస్తుంది. ఊడివచ్చాక వెలుతురులో లోపలికి చూడండి. పిన్నులు మెరుస్తూ ఉండాలి. పచ్చగా, పాత రాగి చెంబుకు చిలుము పట్టినట్టు కనిపిస్తే సగం జబ్బు దొరికినట్టే. లోపల తడి, కూలెంట్ రంగు మరక కనిపిస్తే సెన్సర్ లోపల నుంచే కూలెంట్ కారుతోందని అర్థం. అప్పుడు ఇంకో పరీక్ష అక్కర్లేదు, మార్చాల్సిందే. కప్లర్‌కు వెనక ఒక జానెడు దూరం దాకా వైర్లను వేళ్లతో తడుముతూ పొండి. పైకి తొడుగు బాగానే ఉండి లోపల రాగి తెగినచోట వైరు మెత్తగా, పూసలేని దారంలా వంగుతుంది.

ఇప్పుడు కప్లర్ ఊడదీసి ఉండగానే తాళం ఆన్‌లో పెట్టండి, ఇంజన్ స్టార్ట్ చేయకండి. ఫ్యాన్ హఠాత్తుగా తిరుగుతుంది, కాబట్టి చేతులూ, చొక్కా కొసలూ, మెడలో తువ్వాలూ దూరంగా ఉండాలి. ఫోన్‌లో కూలెంట్ టెంపరేచర్ చూస్తే మైనస్ 40 రావాలి. తాళం ఆపి, పేపర్ క్లిప్పును యు ఆకారంలో వంచి కప్లర్‌లోని రెండు రంధ్రాలనూ కలపండి. మళ్లీ తాళం ఆన్ చేస్తే అంకె ఒక్కసారిగా పైకి, 130 దాటి, వెళ్లాలి. అలా వెళ్లిందంటే ఈసీయూ బాగుంది, వైరు బాగుంది, చెడ్డది సెన్సరే. క్లిప్పు పెట్టినా మైనస్ 40 దగ్గరే కూర్చుంటే సెన్సర్‌ను ముట్టుకోకండి, తప్పు వైరులోనో కప్లర్‌లోనో ఉంది. ఈ పరీక్ష రెండు వైర్ల సెన్సర్‌కు మాత్రమే. మూడు వైర్లుంటే ఏది ఏమిటో తెలియకుండా కలపకండి. ఇంకో విషయం, కొన్ని కార్లలో కోడ్ పడి ఉండగా ఫోన్‌లో నిజమైన అంకె కాకుండా ఈసీయూ అంచనా అంకె, ఏ 80 లాంటిదో, కదలకుండా కనిపిస్తుంది. అందుకని ముందు కోడ్ చెరిపి, ఆ వెంటనే చూడండి.

సెన్సర్‌ను మీటర్‌తో కూడా చూడొచ్చు. చాలా కార్లలో వాడే రకానికి 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్స్ ఉంటుంది, మన 30 డిగ్రీల గదిలో 1,700 చుట్టుపక్కల, 80 దగ్గర 320, మరిగే నీటిలో 190 లోపు. కొన్ని కంపెనీల సెన్సర్లకు అంకెలు వేరుగా ఉంటాయి, మీ కారు సర్వీస్ మాన్యువల్ పట్టికతో పోల్చుకోండి. అసలు చూడాల్సింది అంకెల కన్నా అది దిగే తీరు. గిన్నెలో నీళ్లు కాచి సెన్సర్ కొస ముంచితే మీటర్ మీద అంకె ఆగకుండా మెల్లగా దిగాలి. మధ్యలో గెంతినా, ఒక్కసారి అనంతానికి పోయి తిరిగొచ్చినా సెన్సర్ పనికిరాదు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక మాత్రం తెగే సెన్సర్లు ఉంటాయి. షెడ్డులో ఎంత చూసినా దొరక్కుండా, హైవే ఎక్కాక లైటు వేసేవి ఇవే.

మీది కోడ్ పడ్డ కేసు కాబట్టి తేలిక. కోడ్ పడకుండా పాడయ్యేవే మనిషిని ఎక్కువ తిప్పుతాయి. సెన్సర్ పూర్తిగా చావదు, 90 ఉంటే 60 అని చెబుతుంది. 60 అనేది సాధ్యమయ్యే అంకే కాబట్టి ఈసీయూ నమ్ముతుంది, లైటు వెలగదు, మైలేజీ మాత్రం పోతుంది. అలాంటి అనుమానం ఉన్నవాళ్లు రాత్రంతా ఆగిన బండిలో పొద్దున్నే, సెల్ఫ్ కొట్టకముందు, స్కానర్‌లో కూలెంట్ టెంపరేచర్‌నూ ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్‌నూ (ఇంజన్ పీల్చే గాలి వేడి) పక్కపక్కన చూడండి. రెండూ మూడు నాలుగు డిగ్రీల తేడాలో ఉండాలి. ఒకటి 28, ఇంకోటి 11 అంటే వాటిలో ఒకటి తప్పు చెబుతోంది.

సెన్సరే పోయిందని తేలితే కొత్తది కొనేటప్పుడు కారు ఛాసిస్ నంబర్ ఇచ్చి అడగండి. చూడ్డానికి ఒకేలా ఉన్నా రెసిస్టెన్స్ వేరే ఉన్నవి, మర చుట్ల మధ్య ఎడం (పిచ్) వేరే ఉన్నవి చాలా ఉన్నాయి. నేను కొట్టు కౌంటర్ మీదే మీటర్ పెడతాను. రెండు పిన్నులకు మీటర్ తగిలించి, అంకె చూసి, సెన్సర్ కొసను పిడికిట్లో బిగించి అర నిమిషం పట్టుకుంటాను. చేతి వేడికి అంకె దిగడం కనబడాలి. ఆటోనగర్‌లో కొట్టువాళ్లు నన్ను చూడగానే ప్యాకెట్ చించి ఇచ్చేస్తారు, అలవాటైపోయింది. మీరు కూడా మొహమాటపడకండి. దానితోపాటు కొత్త వాషర్ లేదా ఓరింగు ఉందో లేదో చూసుకోండి. మీ బండికి మాన్యువల్‌లో చెప్పిన కూలెంట్ ఒక లీటరు తెచ్చుకోండి. రంగు చూసి కలపొద్దు, ఒక కంపెనీ ఆకుపచ్చ ఇంకో కంపెనీ ఆకుపచ్చకు చుట్టం కాదు.

పని మొదలుపెట్టే రోజు తెల్లవారుజామున చేయండి, రాత్రంతా ఆగిన బండి మీద. దీని గురించి గట్టిగా చెప్పాలి. రేడియేటర్ మూత మీద 0.9 అనో 1.1 అనో అచ్చువేసి ఉంటుంది, అది లోపల నిలిచే ఒత్తిడి, బార్‌లలో. ఆ ఒత్తిడిలో కూలెంట్ 110 డిగ్రీల దగ్గర కూడా మరగకుండా నీళ్లలాగే ఉంటుంది. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోయి అదంతా ఒక్కసారి ఆవిరై ఎగుస్తుంది. 2004 వేసవిలో నేను పని నేర్చుకుంటున్న షెడ్డులో నా ఈడు కుర్రాడొకడు, కస్టమర్ తొందరపెడుతున్నాడని, గోనె ముక్క వేసి వేడి మూత తిప్పాడు. గోనె ముక్క పైకి లేచిపోయింది. మోచేయి నుంచి మణికట్టు దాకా తోలు ఊడి వచ్చింది. ఇరవై ఏళ్లు దాటినా వాడు పొట్టిచేతుల చొక్కా వేసుకోడు. పైగొట్టాన్ని గుప్పిట్లో నొక్కి చూడండి. చేతికి చల్లగా తగలాలి, మెత్తగా నొక్కుకోవాలి. ఏ మాత్రం గట్టిగా ఉన్నా ఆగండి.

బ్యాటరీ మైనస్ కేబుల్ తీసేయండి. రేడియేటర్ మూత తీయండి. కింద ఒక శుభ్రమైన టబ్బు పెట్టి రేడియేటర్ అడుగున ఉండే ప్లగ్గు వదులు చేసి లీటరు, లీటరున్నర దాకా కూలెంట్ దించండి. చిన్న కార్లలో మొత్తం కూలెంట్ నాలుగు లీటర్లు అటూ ఇటూ ఉంటుంది, సెన్సర్ పైన ఉంటుంది కాబట్టి ఇంత దించితే చాలు. కూలెంట్ తేటగా ఉంటే మళ్లీ అదే పోయొచ్చు. తుప్పు రంగులో ఉంటే ఇదే అదనుగా మొత్తం మార్చేయండి. ఆ టబ్బును మాత్రం పక్కకు పెట్టి మూత వేయండి. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లలు నాకుతారు, అది విషం. నేల మీద ఒలికింది కూడా నీళ్లు పోసి కడిగేయండి.

కప్లర్ తీసి, లోతు సాకెట్ పెట్టి సెన్సర్‌ను ఎడమకు తిప్పండి. ఎక్కువగా 19 నంబర్ పడుతుంది. ఫ్లాట్ పానాతో తిప్పితే షట్కోణం మూలలు అరిగి గుండ్రంగా అవుతాయి. అది కూర్చున్నది అల్యూమినియం మీద, అందుకని బిగుసుకుపోయి ఉంటే బలం చూపించకండి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి అరగంట ఆగి, కొంచెం బిగించే వైపు, కొంచెం వదిలే వైపు కదుపుతూ తీయాలి. చిన్న సెన్సర్ కోసం హౌసింగ్ మరలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. కొన్ని కార్లలో మరలే ఉండవు, ఒక యు క్లిప్పు లాగితే సెన్సర్ ఊడి వస్తుంది. అలాంటిదైతే కొత్త ఓరింగుకు కాస్త కూలెంట్ రాసి నొక్కితే కూర్చుంటుంది.

బయటికి వచ్చిన సెన్సర్ కొసను ఒకసారి చూడండి. బాగున్న బండిలో ఇత్తడి రంగు అలాగే ఉంటుంది. బోరునీళ్లు పోస్తూ నడిపిన బండిలో కొస మీద సున్నం గట్టిగా, తెల్లగా, పాత గీజర్ రాడ్డు మీద పట్టినట్టు పేరుకుని ఉంటుంది. ఆ పొర వల్ల వేడి సెన్సర్‌కు ఆలస్యంగా చేరుతుంది. అలా కనిపించిందంటే రేడియేటర్ సన్న గొట్టాల్లో కూడా అదే పేరుకుంది. మన ప్రాంతంలో బోరునీళ్లలో లవణాలు ఎక్కువ, కూలెంట్‌లో కలపడానికి బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేవీ పోయకండి.

కొత్త సెన్సర్‌ను ముందు చేత్తోనే నాలుగైదు చుట్లు తిప్పండి. చేత్తో తిరగకపోతే వంకరగా ఎక్కుతున్నట్టు, విప్పి మళ్లీ పెట్టండి. వాషర్ తగిలిన తర్వాత సాకెట్‌తో కొంచెం బిగిస్తే చాలు. చిన్న కార్లలో చాలావాటికి ఇది 15 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే, స్పార్క్ ప్లగ్గు కన్నా కూడా మెత్తగా. వాషర్ ఉన్నదానికి టెఫ్లాన్ టేపు చుట్టకండి. కప్లర్ టక్కుమని కూర్చున్న చప్పుడు వినబడాలి.

ఇక్కడే చాలామంది మూత పెట్టి, బండి తీసుకుని బజారుకు వెళ్లిపోతారు. మీరు ఆ పని చేయొద్దు. లోపల గాలి చేరింది. ఇంజన్ నీళ్ల దారిలో గాలి బుడగ నిలిస్తే ఆ చోట కూలెంట్ ఉండదు, ఆవిరి ఉంటుంది. సెన్సర్ కొస ఆ గాలిలో ఉంటే అసలు వేడి దానికి తెలియదు. ఇంజన్ లోపల కాలుతూ ఉంటే మీటర్ మాత్రం అంతా బాగుందని చెబుతుంది. ఇంజన్ పైభాగం, అంటే హెడ్, వంగిపోయాక గాని తెలియదు. ఒక కస్టమర్ ఇంట్లో సెన్సర్ మార్చుకుని, గాలి తీయకుండా అదే మధ్యాహ్నం హైదరాబాద్ బయల్దేరారు. సూర్యాపేట దాటాక బండి ఆగిపోయింది. సెన్సర్‌కు కొన్ని వందలే అయ్యాయి, హెడ్ పనికి చాలా వేలు అయ్యాయి. ఆయన తప్పుగా బిగించింది ఏమీ లేదు, గాలి తీయాలని ఎవరూ చెప్పలేదంతే.

గాలి తీసే పద్ధతి ఇదీ. బండి ముక్కు కొంచెం ఎత్తుగా ఉండేలా ర్యాంపు మీదో, వాకిట్లో ఏటవాలు మీదో నిలపండి, హ్యాండ్ బ్రేకు వేసి వెనక టైర్లకు రాయి పెట్టండి. లోపల హీటర్‌ను పూర్తి వేడికి తిప్పండి. రేడియేటర్ నోటి నుంచి కూలెంట్‌ను సన్నగా, ఆపి ఆపి పోయండి. మధ్యలో పైగొట్టాన్ని చేత్తో పిసికితే బుడగలు గుడగుడమని పైకి వస్తాయి. నిండాక బ్యాటరీ కలిపి, మూత తెరిచే ఉంచి ఇంజన్ స్టార్ట్ చేయండి. మొహం నేరుగా నోటి మీద పెట్టకండి, అప్పుడప్పుడు పొంగుతుంది. మొదట మట్టం దిగుతుంది, పోస్తూ ఉండండి. పది, పదిహేను నిమిషాలకు అప్పటిదాకా చల్లగా ఉన్న గొట్టం ఒక్కసారిగా వేడెక్కుతుంది. థర్మోస్టాట్ తెరుచుకుందని అర్థం, చాలా కార్లలో ఇది 82 నుంచి 88 డిగ్రీల మధ్య. అప్పుడు ఇంకోసారి బుడగలు వస్తాయి. అవి ఆగాక మూత పెట్టండి. గాలి తీసే ప్రత్యేక బోల్టు ఉన్న కార్లలో, రేడియేటర్‌కు మూతే లేకుండా ట్యాంకు మీద మూత ఉన్న కార్లలో మాన్యువల్ చెప్పిన పద్ధతి పాటించండి.

ఆ తర్వాత ఇంజన్ నడుస్తూ ఉండనిచ్చి, ఏసీ ఆపేసి, ఫోన్‌లో అంకె చూస్తూ నిలబడండి. 95 చుట్టుపక్కల ఫ్యాన్ ఆన్ అవ్వాలి, నాలుగైదు డిగ్రీలు దిగాక ఆగాలి. ఇలా కనీసం రెండుసార్లు జరగాలి. హీటర్ నుంచి వేడి గాలి బాగా రావాలి. అంకె 100 దాటి ఎక్కుతూ పోతుంటే, ఫ్యాన్ రాకపోతే, వెంటనే ఆపేయండి. సాయంత్రం ఇంజన్ పూర్తిగా చల్లారాక మట్టం చూస్తే కొద్దిగా దిగి ఉంటుంది, నింపండి. మర్నాడు, ఆ మర్నాడు కూడా పొద్దున చూడండి.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. సెన్సర్ మార్చాక కూడా అంకె 60, 70 దాటకపోతే, పి0128 కోడ్ వస్తే, మీ బండిలో థర్మోస్టాట్ ఉందో లేదో చూడండి. మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకని పీకి పారేసే అలవాటు మన షెడ్లలో చాలా ఏళ్ల నుంచి ఉంది. నేర్చుకునే రోజుల్లో నాకూ అదే నేర్పారు, కొన్నేళ్లు నేనూ పీకాను. తప్పని తర్వాత తెలుసుకున్నాను. పాతకాలపు కార్బొరేటర్ బండి సర్దుకుపోయేదేమో గాని, ఈసీయూ ఉన్న ఇంజన్ తన వేడికి చేరనంత సేపూ పెట్రోల్ ఎక్కువే తాగుతుంది, లోపల అరుగుదల కూడా పెరుగుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకు ఈ సంగతి తెలిసే దారి కూడా ఉండదు. పాత యజమాని దగ్గర ఎప్పుడో తీసేసి ఉంటారు. కొత్తది వేయించండి.

కూలెంట్ తరచుగా తగ్గుతున్నా, సైలెన్సర్ నుంచి తీపి వాసనతో తెల్లటి పొగ వస్తున్నా, ఆయిల్ మూత లోపల పాలమీగడ లాంటి పొర కనిపించినా ఈ పని మీరు మొదలుపెట్టవద్దు. అది హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కూ దాని కింది ఇంజన్ భాగానికీ మధ్య ఉండే సీలు) సంగతి, నమ్మకమైన మెకానిక్‌కు చూపించండి.

ప్రస్తుతానికి కొత్త సెన్సర్ కొనకండి. రేపు పొద్దున కప్లర్ తీసి, పిన్నుల ఫొటో ఒకటి పెట్టండి. ఊడదీసినప్పుడు ఫోన్‌లో ఎంత వచ్చిందో, క్లిప్పుతో కలిపినప్పుడు ఎంత వచ్చిందో, సెన్సర్ పిన్నుల మీద మీటర్ ఎంత చూపించిందో ఆ మూడు అంకెలూ రాయండి. అప్పుడు సెన్సరా, వైరా అన్నది ఇక్కడి నుంచే చెప్పగలను.